దడగారికి కప్పలంటే భయం

దడగారికి భయం. దేనికని అడక్కండి. దేనికి కాదో అడిగితే జవాబు త్వరగా వస్తుంది. లిఫ్టు ఎక్కితే మధ్యలో ఆగిపోతుందని భయం, మెట్లెక్కితే ఆయాసం వస్తుందని భయం. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చోరు, ఊడి నెత్తిన పడుతుందని. దూరంగా కూర్చుంటే ఉక్కకి కళ్ళు తిరిగి పడిపోతానని. అందుకని పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా కుర్చీని అటూ ఇటూ జరుపుకుంటూనే ఉంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఆయనకి ఉండే ఉంటుంది గానీ జీతం కాగితాల మీద తప్ప దాన్నెవరూ వాడగా చూడలేదు. ఆఫీసంతా దడగారనే పిలుస్తుంది, ఆయనా పలుకుతారు. పలక్కపోతే ఏమనుకుంటారోనని భయం.

ఇలాంటి మనిషికి నగర ప్రణాళిక ఆఫీసు వాళ్ళు అప్పజెప్పిన పని, కట్టబోయే బళ్ళకీ ఆసుపత్రులకీ గ్రంథాలయాలకీ స్థలం చూపించటం. నగరం మ్యాపు కంప్యూటర్లో ఉంటుంది. దాని మీద రోడ్లదొక పొర, ఇళ్ళదొక పొర, నేల వాలుదొక పొర, వాగులూ కాలువలదొక పొర, పల్చటి కాగితాల్లా ఒకదాని మీద ఒకటి పరుస్తారు. ఏ పొరకి ఎంత విలువో తేల్చి, ఒక్కో స్థలానికీ మార్కులు వేస్తే, బాగా మార్కులొచ్చిన చోటు ముదురాకుపచ్చగా కనిపిస్తుంది. అక్కడ కట్టుకోవచ్చు.

ఆ విలువ తేల్చే పద్ధతి దడగారికి పంచప్రాణాలు. అన్నిటినీ ఒక్కసారే చూడకూడదట. రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టి, ఈ రెంటిలో ఏది ముఖ్యం, ఎంత ముఖ్యం అని అడుగుతూ పోవాలట. రోడ్డు దగ్గరుండటం ముఖ్యమా, నేల చదునుగా ఉండటం ముఖ్యమా? ఇంతవరకూ అందరూ చేసేదే. అందులో ముఖ్యం తీసేసి భయం పెట్టింది దడగారొక్కరే. "రెంటిలో ఏది ఎక్కువ భయం?" అని ఆయన అటెండర్ని అడుగుతారు, సర్వేయర్ని అడుగుతారు, టీ తెచ్చినవాణ్ణి అడుగుతారు. వాడు వేడి టీ ఒలకటమంటే ఎక్కువ భయమో, చిల్లర మర్చిపోవటమంటే ఎక్కువ భయమో తేల్చి చెప్పందే కప్పు అందుకోరు.

సొంత జీవితమంతా ఈ పద్ధతిలోనే నడుపుకొచ్చారు. బస్సులో ముందు సీటుకి ప్రమాదం భయం, వెనక సీటుకి కుదుపుల భయం. రెంటినీ పోల్చి నిలబడి వెళతారు, పడిపోతానేమోనని పక్కవాడి చొక్కా పట్టుకుని. ఒకప్పుడు ఆఫీసులో అందరికన్నా పెద్ద పదవి ఆయనకే ఇస్తామన్నారట. ఆ గదిలో కుర్చీకి చక్రాలున్నాయని, కూర్చోగానే ఎటైనా దొర్లిపోతుందని భయపడి వద్దన్నారట. ఆ సాయంత్రం ఆయన భార్య, "మరి నాతో కాపురానికి ఎలా ధైర్యం చేశారు?" అని అడిగితే, ఒంటరిగా ఉండటానికి ఇంకా భయమేసిందని చెప్పారట. ఆవిడ ఈ కథ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది.

దడగారు పనిచేసే గదిలోకి కొత్తగా ఉద్యోగానికొచ్చిన అమ్మాయి అడుగుపెట్టింది. ఆమెని ఆఫీసులో అందరూ కొత్తమ్మాయి అనేవాళ్ళు. మ్యాపుల చదువు బాగా చదివింది, కంప్యూటరు ముందు కూర్చుంటే వేళ్ళు పరిగెడతాయి, మనసులో మాత్రం ఎప్పుడూ గుబులే. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఏడాది పనితీరు చూసి పెద్దసారు సంతకం పెడితేనే ఖాయం. ఆమెకి ముందు ఆ సీట్లో పనిచేసినతన్ని పెద్దసారు ఏదో పొరపాటుకి ఇంటికి పంపేశారని మొదటిరోజే ఎవరో చెవిలో వేశారు. ఇంట్లో అమ్మ రోజూ తలుపు తీస్తూనే, "ఖాయమైందా?" అని అడిగేది. ఇల్లు నడిచేది ఆ జీతంతోనే మరి.

దడగారు మొదటిరోజే కుర్చీ జరుపుకుంటూ పక్కకొచ్చి అడిగారు.

"అమ్మా, నీకు చీకటంటే ఎక్కువ భయమా, పెద్దసారంటే ఎక్కువ భయమా?"

మర్యాదకి చీకటంది. ఆ వారం తిరక్కుండానే మాట మార్చుకుంది. పెద్దసారు అరవరు, తిట్టరు. కాగితం చదివి, కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని మనిషి వంక చూస్తారు. ఆ తుడిచే కాసేపట్లో ఎదుటివాడి పై ప్రాణాలు పైనే పోతాయి.

ఇంతలో ప్రసూతి ఆసుపత్రి పని వచ్చింది. కాన్పుల కోసమే ఒక పెద్ద ఆసుపత్రి కట్టాలి, స్థలం చూపించండి అన్నారు. లెక్కా మ్యాపూ కొత్తమ్మాయికిచ్చారు. దడగారి పని జనం దగ్గరికెళ్ళి ఏది ముఖ్యమో కనుక్కోవటం. ఆయన వీధివీధీ తిరిగి, నెలలు నిండిన ఆడవాళ్ళ దగ్గర చతికిలబడి, దారిలో కాన్పు అయిపోతుందని ఎక్కువ భయమా, ఆసుపత్రిలో మంచం దొరకదని ఎక్కువ భయమా అని అడిగి వచ్చేవారు. వాళ్ళు మొదట నవ్వి, తర్వాత కళ్ళొత్తుకుని, ఆ తర్వాత ఒక పట్టాన ఆయన్ని వదిలేవాళ్ళు కాదట.

అక్కడితో ఆగితే ఆయన దడగారెందుకవుతారు? ఒకరోజు కడుపుకి దిండు కట్టుకుని, పైన వదులు చొక్కా వేసుకుని, బస్టాపు నుంచి ఒక్కో స్థలం దాకా నడిచి చూశారు. ఎక్కడ ఆయాసం వస్తుందో, ఎక్కడ కాలు జారుతుందో తెలియాలట. కొత్తమ్మాయి గొడుగు పట్టుకుని వెనకాలే నడిచింది. రోడ్డు దాటుతుంటే పోలీసాయన ట్రాఫిక్ ఆపి, దగ్గరికొచ్చి పరీక్షగా చూసి, ఎన్నో నెలని అడిగాడు. దడగారు కంగారుపడి తొమ్మిదో నెలని చెప్పేశారు. ఆ పోలీసాయన ఇప్పటికీ ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేక ఉండి ఉంటాడు.

కొత్తమ్మాయి లెక్క పూర్తిచేసింది. ఒక స్థలం మిగతావాటికి అందనంత పైన నిలబడింది. మెయిన్ రోడ్డు పక్కన, నీళ్ళ పైపు దగ్గర్లో, చుట్టూ పాత గోడ ఉన్న ఖాళీ జాగా. దిండుతో నడిచిన రోజు ఆ గోడకున్న గేటుకి తాళం వేసి ఉండటంతో వీళ్ళు అక్కడిదాకానే వెళ్ళి తిరిగొచ్చారు. మ్యాపు మీద ఆ జాగా ముదురాకుపచ్చగా మెరిసిపోయింది. నివేదిక పెద్దసారు బల్ల మీదికెళ్ళింది. ఆయన కళ్ళద్దాలు తుడవకుండానే చదివేసి బాగుందన్నారు. బాగుందన్నమాట ఆయన నోట విన్నవాళ్ళు ఆ ఆఫీసులో అరుదు. కమిటీ కూర్చుని ఊ అనటమే తరువాయి.

మీటింగుకి ముందు ఇంకో ప్రతి తీద్దామని పాత లెక్క తెరిచినప్పుడు కొత్తమ్మాయికి గుండెల్లో రాయి పడింది.

రోడ్డుకి ఎంత దగ్గరైతే అంత మంచిది, కాబట్టి దగ్గరగా ఉన్నవాటికి ఎక్కువ మార్కులు. వాగుకి ఎంత దూరమైతే అంత మంచిది, కాబట్టి దూరంగా ఉన్నవాటికి ఎక్కువ మార్కులు. ఆమె తొందరలో రోడ్డుకి రాసిన సూత్రాన్నే వాగుకీ అంటించేసింది. వాగుని ఒరుసుకుని ఉన్న స్థలానికి ఈ లెక్కలో నిండా మార్కులు పడ్డాయి. నివేదికలో 'వాగు నుంచి దూరం' అన్నచోట నిండు మార్కులు చూసి, చదివినవాళ్ళంతా వాగు ఎక్కడో దూరాన ఉందనుకున్నారు. మ్యాపు ముచ్చటగా కనిపించాలని వాగు గీతని ఆమె చేతులతో ఆమే చెరిపేసింది కూడా.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా ఆ జాగాకి వెళ్ళింది. ఇంకా వెలుతురుంది గానీ ఆ గోడల మధ్య అప్పుడే మసకేసింది. గేటు సందులోంచి దూరి లోపలికి నడిస్తే చెప్పుల కింద నేల మెత్తగా దిగింది. వెనక గోడ అవతల తుంగ పెరిగిపోయి, దాని అడుగున ఎక్కడో నీళ్ళు కదులుతున్న చప్పుడు. మనిషి కనపడడు. గోడ మీద పాత వరద వదిలిన మట్టిచార ఒకటి ఆ మూల నుంచి ఈ మూల దాకా సాగి ఉంది. దగ్గరికెళ్ళి నిలబడింది. చార ఆమె నడుం దాటి ఉంది. ఆ చారకి కిందే మంచాలు ఉంటాయని, ఆ మంచాల పక్కన ఉయ్యాలలు ఉంటాయని తోచేసరికి ఒళ్ళు చల్లబడింది. తుంగలో ఏదో బుడుంగుమంది. ఆమె గేటు దాకా ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు.

ఇంటికెళితే అమ్మ అడిగే మాట అడిగింది. తల అడ్డంగా ఊపింది. అన్నం సయించలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆసుపత్రి లేస్తుంది. వానలు పెద్దగా పడని సంవత్సరం ఏమీ కాదేమో. పడితే? ఆ ఆలోచన దగ్గరికి వచ్చి ఆగిపోయేది, మళ్ళీ మొదటికొచ్చేది. పక్క మీద దొర్లుతూ ఎవరికీ చెప్పకూడదనుకుంది, తెల్లారేసరికి చెప్పెయ్యాలనుకుంది, ఆఫీసు గుమ్మంలో పెద్దసారి చెప్పులు చూసి మళ్ళీ చెప్పకూడదనుకుంది.

దడగారు ఆమె గుమ్మంలోనే తచ్చాడటం చూశారు. ఆరోజు ప్రశ్న అడగలేదు. దాంతో ఆమెకి ఇంకా భయమేసింది. ఆయన కుర్చీ జరుపుకుంటూ వెళ్ళి, గోడకి తగిలించిన ఆసుపత్రి మ్యాపు ముందు ఆగి, దేనికోసమో వెతుకుతున్నట్టు దాని మీద వేలు జరుపుతూ చాలాసేపు చూశారు.

మీటింగులో పెద్దసారు నివేదిక చదివించి, అభ్యంతరాలేమైనా ఉన్నాయా అన్నారు. కొత్తమ్మాయి నోరు తెరిచింది, మాట రాలేదు.  ఈలోగా దడగారు లేచి నిలబడ్డారు.

"సార్, నాకు భయంగా ఉంది."

అందరూ అప్పటికే నవ్వటానికి సిద్ధంగా ఉన్నారు. పెద్దసారు దేనికన్నారు.

"కప్పలకి సార్. ఆ స్థలంలో కప్పలున్నాయని నా అనుమానం. కప్పలున్నచోట నేను సంతకం పెట్టలేను."

గది గదంతా గొల్లుమంది. సర్వేయరు కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. ఒకాయన బల్ల మీద తల పెట్టుకుని భుజాలు ఊపుతున్నాడు. పెద్దసారు నవ్వలేదు. కళ్ళద్దాలు తీశారు, తుడిచారు. ఇంత పెద్ద ఆసుపత్రిని కప్పల కోసం ఆపమంటారా అని నిదానంగా అడిగారు. దడగారు నుదుటి చెమట ఒత్తుకుని, ఆపమనను, అందరూ వచ్చి కప్పలు లేవని చూపిస్తే కళ్ళు మూసుకుని సంతకం పెడతానన్నారు. ఆయన సంతకం లేకుండా కాగితం ముందుకి వెళ్ళదు. చేసేది లేక అందరూ జీపెక్కారు. దడగారు దారంతా కాళ్ళు సీటు పైకి ముడుచుకుని కూర్చున్నారు. కొత్తమ్మాయి జీపు కమ్మీ పట్టుకుని, మనసులో ఉన్న దేవుళ్ళందరికీ దండం పెట్టుకుంటూ వచ్చింది. అక్కడ కప్పలుండాలని మొక్కాలో ఉండకూడదని మొక్కాలో ఆమెకే తెలియలేదు.

తాళం తీయించి లోపలికి అడుగుపెట్టారు. ముందు నడిచిన పెద్దసారి ఎడంకాలు చీలమండ దాకా దిగిపోయింది. లాగితే కాలొచ్చింది గానీ బూటు రాలేదు. ఎవరూ నవ్వలేదు, నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. సరిగ్గా అప్పుడే గోడవతల నుంచి ఒక కప్ప బెకబెకమంది. దాన్ని విని ఇంకొకటి, తర్వాత ఊళ్ళో ఉన్నవన్నీ ఇక్కడికే వచ్చాయా అన్నట్టు అరిచాయి. దడగారు కేకపెట్టి సర్వేయరు వీపెక్కి కూర్చున్నారు. బక్కపల్చటి సర్వేయరు ఆయన బరువుకి బురదలో చతికిలబడ్డాడు.

పెద్దసారు ఒంటి బూటుతో నిలబడి వెనక గోడ వంక, దాని మీద మట్టిచార వంక చూశారు. వాగెక్కడుందని అడిగారు. జవాబు కప్పలే చెబుతున్నాయి. ఇంక ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు. దడగారి భయం తీరేదాకా లెక్క మొదట్నుంచీ మళ్ళీ చెయ్యమని మాత్రం అన్నారు.

కొత్తమ్మాయి లెక్క తిరగదోడింది. వాగు సూత్రం సరిచేసింది, చెరిపిన గీత మళ్ళీ గీసింది. ఈసారి బస్సు డిపో వెనక మెరక మీదున్న జాగా పైకొచ్చింది. దడగారు మళ్ళీ దిండు కట్టుకుని నడిచొచ్చి, ఆయాసం లేదు, కాలు జారదు, కప్పలు అసలే లేవన్నారు. అందరూ కప్పల పుణ్యమాని మంచి స్థలం దొరికిందన్నారు. ఆమె పొరపాటు ఆనవాలు కూడా లేకుండా కొట్టుకుపోయింది. అయినా గుబులు పోలేదు. ఎవరైనా పాత లెక్క తెరుస్తారేమోనని, తలుపు చప్పుడైతే చాలు అదిరిపడేది.

ఒక మధ్యాహ్నం చెయ్యి కడుక్కోవటానికి ఆఫీసు పెరట్లో కుళాయి దగ్గరికెళ్ళింది. అక్కడ దడగారు బకెట్లోకి వంగి ఏదో బుజ్జగిస్తున్నారు. ఆమె చూస్తుండగానే నీళ్ళలో చెయ్యిపెట్టి, ఒక బలిసిన కప్పని అరచేతిలోకి తీసుకుని, కంగారు పడకు నాన్నా అంటూ మొక్కల మధ్య దింపారు. అది ఆయన బొటనవేలి మీద కాసేపు కూర్చుని మరీ వెళ్ళింది.

"సార్, మీకు కప్పలంటే భయం లేదు," అంది కొత్తమ్మాయి.

దడగారు దొరికిపోయినవాడిలా చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. ఆమెకి అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఏడుపొచ్చింది.

"మ్యాపులో వాగు లేదని మీకు ముందే తెలుసు. నా తప్పని చెప్పొచ్చు కదా. అందరూ మిమ్మల్ని చూసి నవ్వారు."

"ఎవరో ఒకరు భయపడాలి కదమ్మా, లేకపోతే అక్కడ ఆసుపత్రి కట్టేస్తారు," అన్నారాయన చెయ్యి చొక్కాకి తుడుచుకుంటూ. "నువ్వు భయపడితే ఎందుకని అడుగుతారు. నేను భయపడితే ఎవరూ అడగరు. అలవాటంటారు."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆయన ఇన్నాళ్ళుగా ఆపేసిన ప్రశ్న మెల్లిగా అడిగారు. చెప్పెయ్యటమంటే ఎక్కువ భయమా, దాచుకోవటమంటే ఎక్కువ భయమా?

దాచుకోవటమే అంది. అయితే తేలిపోయినట్టే కదా అన్నారు.

ఆమె తిన్నగా పెద్దసారి గదికెళ్ళింది. తలుపు తోసింది. కూర్చోమనకముందే గడగడా మొత్తం చెప్పేసింది. వాగు సూత్రం, చెరిపేసిన గీత, గోడ మీద మట్టిచార, మీటింగులో నోరు పెగలకపోవటం, ఏదీ మిగల్చలేదు. చెప్పటం అయ్యాక తల వంచుకుని నిలబడింది. పెద్దసారు కళ్ళద్దాలు తీశారు. తుడిచారు. ఈసారి ఎంతకీ తుడుస్తూనే ఉన్నారు. ఆమె మనసులో అమ్మకి ఏం చెప్పాలో మాటలు కూర్చుకోవటం మొదలుపెట్టింది.

ఆయన లేచెళ్ళి తలుపు వేసి వచ్చారు.

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో చిన్నపిల్లల బడికి స్థలం చూశాను," అన్నారు. "చదునైన నేల. రోడ్డు పక్కనే. బోలెడంత చెట్ల నీడ. గొడవా గోలా లేదు. మ్యాపులో ఖాళీ జాగా అని ఉంది. అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దానికే."

"మరి బాగానే ఉంది కదా సార్."

"శ్మశానమమ్మా."

కొత్తమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కాగితం కమిటీ ముందుకి వెళ్ళాక తెలిసింది నాకు. నోట మాట రాలేదు. అప్పుడు ఆయన, మీ దడగారు, లేచి దయ్యాలంటే భయమన్నాడు. పట్టపగలు, అందరి ముందూ. నెల్లాళ్ళు నవ్వుకున్నారు ఆయన్ని చూసి." పెద్దసారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "నీకు ముందున్నవాణ్ణి తప్పు చేసినందుకు పంపలేదు. ఆయన భయపడి కాపాడాక కూడా దాచిపెట్టి, ఆయన్నే వెక్కిరించాడు, అందుకు పంపాను. నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం నా దగ్గరే ఉంది. సాయంత్రం లోపు సంతకం పెడతాను."

ఆమె దండం పెట్టి వెనక్కి తిరిగింది.

"ఇకమీదట జాగ్రత్తగా చెయ్యి," అన్నారాయన వెనక నుంచి. "ఇక్కడున్న ఒక్కొక్కళ్ళ కోసం ఆయన ఒక్కోదానికి భయపడుతూ వచ్చాడు. పాపం, ఇంక భయపడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు."

బయటికొస్తే వరండాలో దడగారు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నారు. మొహం పాలిపోయింది. చేతిరుమాలు పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఏమన్నారమ్మా అని అడిగారు. సంతకం పెడతానన్నారని కొత్తమ్మాయి చెప్పింది. ఆయన గుండెల మీద చెయ్యి వేసుకుని గట్టిగా ఊపిరి వదిలారు.

"ఈసారి నిజంగానే భయమేసిందమ్మా," అన్నారు సిగ్గుపడుతూ.